ఆస్ట్రేలియా ఆలమందలును పేడపురుగులును

1788వ సంవత్సరము జనవరి నెలలో ఆంగ్లేయుల మొదటి నౌకాదళము ఖైదీలను గొని ఆస్ట్రేలియా తూర్పుతీరమును చేరినప్పుడు, త్రోవలో దక్షిణాఫ్రికా రేవున కొన్న కొలదిపాటి పసులును ఆ యోడలనుండి దిగినవి. కాపరుల యేమరుపాటున ఆ చిన్నమంద కొన్ని నెలలలోనే అడవిపాలై, ఏడేండ్లు ఎవరి కంటను బడక, తుదకు 1795లో నేపియన్ నది కావలి పచ్చికబయళ్లలో పదులకొలది సంతతితో నిర్భయముగా మేయుచు కానవచ్చెను. పులులు లేవు, మేతకు కొదవ లేదు. పశుపోషణకు ఇంతకంటె అనువైన భూమి యుండదని వలసకాపులు సంతసించిరి. కాని పసులు సముద్రము దాటి వచ్చినవే గాని, వాని పేడను మంటిలో గలుపు పురుగులు వాని వెంట రాలేదను సంగతి నూటయేబది సంవత్సరములకు పైగా ఎవ్వరికిని పట్టలేదు.

ఆ ఖండమున పేడపురుగులు లేకపోలేదు. వందలకొలది జాతులు అనాదిగా కలవు. అయితే అవి కంగారువంటి జంతువులు విడుచు చిన్నచిన్న పొడి పెంటికలకు అలవడినవగుటచే, ఆవు వేయు వెడల్పైన తడిపేడ వానికి కొఱగాకుండెను. ఒక్క యావు దినమునకు 10, 12 పేడకళ్లు వేయును. 1960 తరువాతి కాలమునకు ఆ దేశమందలి పసులు ఇంచుమించు 2 కోట్లకు పెరిగెను. దినమునకు 20 కోట్ల పేడకళ్లు నేలపై బడి, ఎండకు పెచ్చుగట్టి, నెలల తరబడి, ఒక్కొక్కయెడ ఏండ్ల తరబడి, చెక్కుచెదరక పడియుండెడివి. వాని చుట్టును మొలచిన గడ్డిని పసులు ముట్టవు గనుక బీడులో కొంతభాగము ఏటేట మేతకు పనికిరాకపోయెను.

ఈ పేడయే ఈగలకు పురిటిల్లు. వానిలో 'బుష్ ఫ్లై' యనునది ఆ దేశపు టీగయే. మనుష్యుల కన్నులను పెదవులను ముసరి పనిచేయనీయదు. రెండవది 'బఫెలో ఫ్లై' యనెడి గేదెయీగ. పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధమున తైమూరు దీవినుండి తెచ్చిన యెనుములతో ఉత్తరతీరమున దిగి, మెల్లమెల్లగా ప్రాకి, 1928 నాటికి క్వీన్స్‌లాండు పసులమందలను చేరెను. ఇంటియీగలో ఇంచుమించు సగమే యుండు నీ పురుగు నెత్తురు త్రాగి బ్రదుకును. పగలు రేయి పశువు మూపున, ప్రక్కలందు, కంటికొనలయందు అంటిపెట్టుకొనియుండి, దినమునకు ఇరువదిసార్లకు పైగా కుట్టును. ఆవు పేడవేసిన క్షణమున మాత్రము ఆడయీగలు దిగి, వేడి యాఱకముందే గ్రుడ్లుపెట్టి, మరల పశువు పైకి ఎగయును. ఆ బాధకోర్వలేక పసులు మేత మాని చెట్లకు రాచుకొని రాచుకొని కంటి దాపున పుండ్లు చేసికొనెడివి, పాలు తగ్గెడివి.

పశుపోషకులు చేయని ప్రయత్నము లేదు. పసులను చీకటిసొరంగమువంటి డేరాగుండ నడపించి, రాలిన యీగలను పట్టు బోనులు కట్టిరి. రెండవ ప్రపంచయుద్ధానంతరము డి.డి.టి. చల్లిరి, ఆ మందు పసుల క్రొవ్వులోను పాలలోను నిలిచిపోవుటచే దానిని మానుకొనవలసివచ్చెను. 1933లో అమెరికానుండి బ్రాహ్మన్ జాతి పసులను తెప్పించిరి. ఎండకును గోమార్లకును తట్టుకొనుట అందు ముఖ్యోద్దేశము. గిర్, గుజరాతు, కృష్ణాలోయ జాతులతోపాటు మన ఒంగోలు పశువుల రక్తమును ఆ జాతిలో గలదని తెలుగువారు సంతోషముతో చెప్పుకొనవచ్చును. మూపురమును, గంగడోలును, వదులైన తోలును గల యా పశువు ఈగ వాలినచోట చర్మమును జలదరింపజేసి తోలుకొనగలదు. అయినను ఈగ పుట్టుచోటు మాత్రము అట్లే యుండెను.

దానిని గుర్తించినవాడు హంగేరీనుండి వలసవచ్చిన జార్జ్ బోర్నెమిస్సా యను కీటకశాస్త్రజ్ఞుడు. 1950 కడపట పశ్చిమ ఆస్ట్రేలియాలో దిగిన యీతడు బీడులనిండ ఎండిన పేడకళ్లను జూచి, తన దేశమున వీనిని పురుగులు పూడ్చివేయునే, ఇచ్చట ఏల పూడ్చవని ప్రశ్నించుకొనెను. తరువాత ఆ దేశపు ప్రభుత్వ పరిశోధనసంస్థయైన సి.ఎస్.ఐ.ఆర్.ఓ.లో జేరి, 1965 ప్రాంతమున ఆఫ్రికానుండి పేడపురుగులను రప్పించు పనికి పూనుకొనెను.

ఆ పని జరిగిన తీరు మిక్కిలి శ్లాఘనీయము. ఆఫ్రికా పేడతోకూడ గాళ్లవ్యాధివంటి తెగుళ్లు వచ్చునను భయముండుటచే పురుగులను తిన్నగా విడువ వీలులేకపోయెను. తల్లిపురుగు పేడను ఉండగట్టి, ఉండకొక్క గ్రుడ్డు చొప్పున పెట్టును. పరిశోధకులు ఆ గ్రుడ్లను ఒక్కొక్కటిగా దీసి, క్రిమిసంహారక ద్రవమున కడిగి, కాన్‌బెర్రాలో స్థానికపు ఆవుపేడతో తాము చేతులతో జేసిన యుండలలో పొదిగి, తల్లికి మారుగా తామే పెంచిరి. అట్లు పెరిగిన పురుగుల సంతతినే బీడులలో విడిచిరి. ఇరువది యేండ్ల కాలమున 55 జాతులను తెప్పించి 43 జాతులను విడువగా, 23 జాతులు ఆ నేలయందు స్థిరపడెను.

పచ్చిపేడ వాసనకు ఈ పురుగులు కొలదిసేపటిలోనే వచ్చి వ్రాలి, కడిని చీల్చి, క్రింద త్రవ్విన బిలములలోనికి చేరవేయును. ఈగపిల్ల ఎదిగి బయటపడుటకు కొన్ని దినముల తడిపేడ కావలెను. ఒకటి రెండు దినములలోనే కడి పొట్టుపొట్టైనచో ఆ పిల్ల యెండియో ఆకటనో చచ్చును. పైగా ఎఱువు వేళ్లకు అందును, వాననీరు నేలలోనికి దిగును.

పురుగులు బలిసినచోట్ల బుష్ ఫ్లై తగ్గెను. వసంతారంభమున పురుగులకంటె ఈగలే ముందు పుట్టుచుండుటచే, ఆ కాలమున పనిచేయు జాతులను దక్షిణ ఐరోపానుండి తరువాత తెప్పించిరి. గేదెయీగ మాత్రము లొంగలేదు. మిగిలిన కొద్దిపాటి పేడలోనే అది సంతతిని నిలుపుకొనుచున్నది. ఇంతలో 1980 తరువాత పసుల లోపలి పురుగులకు వాడుకలోనికి వచ్చిన ఐవర్‌మెక్టిన్ వంటి మందులు పేడలోనికి దిగి పేడపురుగు పిల్లలనే చంపుచున్నట్లు తేలెను. ఒక బాధను బాపు మందు మరియొక బాధకు విరుగుడైన ప్రాణిని హరించుట నాకు మిక్కిలి విచారకరముగా తోచుచున్నది.

తెలుగుదేశమున ఈ పురుగులను ఎవ్వరును తెప్పింపవలసిన పనిలేదు. ఇంటి పేడ పిడకలకును పెంటకుప్పకును పోవుచుండగా, బీటిలోని పేడను అవియే పూడ్చుచున్నవి. కావున పశుపోషకులకు నా విన్నపమొక్కటే: అట్టి మందులను పశువైద్యుని యడిగి అవసరమున్నప్పుడే వేయింపుడు, వేయించిన పసులను కొన్నిదినములు బీటికి తోలక కొట్టముననే కట్టి, ఆ పేడను వేరుగా గుంటలో వేయుడు.