ఇంటికుండ - సర్కారు ఖజానా

ఉగాది పచ్చడికి మనం వేపపూవు దూసుకొనే రోజుల్లోనే చంద్రపూరు చుట్టుపట్ల అడవుల్లో ఇప్పపూవు రాలుతుంది. తెల్లవారకముందే గోండు స్త్రీలు గంపలతో చెట్లకిందకు చేరతారు. ఆ పూవు వారికి తిండి, చేతిలో నాలుగు డబ్బులు. దేవతకు పెట్టే సారా కూడాను. సారా మాట వినగానే మనలో చాలామంది ముఖం తిప్పుకొంటారు. అందులో తప్పులేదు. కాని యీ జిల్లాలో ఆ కుండ ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోయినదో తెలుసుకొంటే, ఇక్కడి ఆడవారు దానిపై ఎందుకు తిరగబడ్డారో బోధపడుతుంది.

ముందు కుండలోని సంగతి చూద్దాం. ఇప్పపూవులో చక్కెర సహజంగానే ఉన్నది. ఎండిన పూవును నీటిలో నానవేస్తే కొద్దిరోజుల్లో పులుస్తుంది. దానిని కాచి ఆవిరి పడితే సారా. ధాన్యానికి ఆ సౌలభ్యం లేదు. బార్లీగింజను మొలకెత్తించి, ఎండబెట్టి, బరకగా నలగగొట్టి, సుమారు 66 డిగ్రీల వేడినీటిలో గంటసేపు ఉంచితే పిండి చక్కెరగా మారుతుంది. మొలకరాగుల పిండి ఎందుకు తియ్యగా ఉంటుందో ఎరిగిన ఇల్లాలికి యీ రహస్యం కొత్తది కాదు. ఆ తీపినీటిని వడగట్టి, హాప్స్ అనే తీగపూలు వేసి గంటసేపు మరగించి, చల్లార్చి, ఈస్టు కలిపి, 20 డిగ్రీల చల్లదనంలో ఒకటి రెండు వారాలు ఉంచితే పేల్ ఏల్ అనే బీరు తయారవుతుంది. వేసవిలో 45 డిగ్రీలు దాటే మన ఊళ్లో అది పెట్టె చల్లదనం లేకుండా కుదిరే పని కాదు.

ఇక చరిత్రకు వస్తాం. 1854లో నాగపూరు భోంస్లే రాజ్యంతోపాటు చాందా ఆంగ్లేయుల పాలనలోకి పోయినది. తెలుగు మాట్లాడే సిరొంచ 1874లో యీ జిల్లాలో కలిసినది. వర్ధానది ఆవలి రాజురా 1956 వరకు హైదరాబాదు రాజ్యంలో ఉండి, 1959లో చాందాకు వచ్చినది. ఏటికి ఆ దరిని నైజాం అబ్కారీ, ఈ దరిని తెల్లదొరల అబ్కారీ. పేర్లు వేరు, నీతి ఒకటే. ఇంట కాచుకొన్నవాడు నేరస్థుడు. పాట పాడి దుకాణం పెట్టినవాడు పెద్దమనిషి! దేవత ముందు పోసే చుక్క కూడా సర్కారు పద్దులో చేరినది.

తరువాత బొగ్గుగనులు, బల్లార్పూరు కాగితపుమిల్లు వచ్చాయి. మన తెలుగువారు కుటుంబాలతో తరలివచ్చారు. అడవిలో పండుగకు పరిమితమైన తాగుడు, బట్వాడానాడు దుకాణం ముందు నిత్యకృత్యమైనది. జీతం ఇంటికి చేరేలోపల సగమయ్యే ఇళ్లలో ఆ బరువు మోసినది ఇల్లాలే.

నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో సారాదుకాణాన్ని ఎదిరించిన వార్త ఆంధ్రదేశమంతటా ప్రాకి, 1993లో సారానిషేధానికీ, 1995లో సంపూర్ణ నిషేధానికీ దారితీసినది. మన పొరుగు గడచిరోలిలో 1993లోనే నిషేధం వచ్చినది. 2010 డిసెంబరులో పారోమితా గోస్వామి నాయకత్వాన వేలాది స్త్రీలు చిమూరు నుండి నాగపూరుకు నడిచారు. 2015 ఏప్రిల్ 1న చంద్రపూరు జిల్లాలో మద్యనిషేధం అమలులోకి వచ్చినది. దొంగసారా పెరిగిందని, ఆదాయం పోతున్నదని కారణాలు చెప్పి 2021లో సర్కారు దానిని ఎత్తివేసినది. ఆంధ్రలో సంపూర్ణ నిషేధం అంతకు చాలాముందే, 1997లో, సడలిపోయినది. రెండుచోట్లా ఖజానా లెక్క చివరిమాట అయినది.

అమెరికాలో ఉన్న మన పిల్లలు కొందరు ఇంట బీరు కాస్తున్నారని విని పెద్దలు నివ్వెరపోతారు. అక్కడా 1920 నుండి 1933 వరకు నిషేధం నడిచినది. అది పోయిన తరువాత కూడా ఇంట బీరు కాచడానికి చట్టం ఒప్పుకోలేదు. 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకంతో ఆ అడ్డు తొలగినది. ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల వరకు పన్ను లేదు; అయితే అమ్మరాదు. అట్లా ఇంట కాచి నేర్చినవారిలో కెన్ గ్రాస్‌మన్ ఒకరు. ఆయన 1980లో కాలిఫోర్నియాలోని చీకోలో సియెరా నెవాడా సంస్థను నెలకొల్పి, కాస్కేడ్ అనే అమెరికా హాప్స్‌తో చేసిన పేల్ ఏల్‌కు పేరు తెచ్చారు. ఆ పానీయానికి పూర్వరూపం ఒకప్పుడు లండను నుండి మన దేశంలోని దొరలకోసం ఓడల్లో వచ్చిన ఇంగ్లీషు పేల్ ఏలే!

అక్కడి చట్టాన్ని మెచ్చుకొని ఇక్కడ కుండ పెట్టమని చెప్పడం మా ఉద్దేశం కాదు. మహారాష్ట్రలో 1949నాటి చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఇంట మద్యం కాచడం నేరమే. సెలవులకు వచ్చే పిల్లలు యీ సంగతి గుర్తుంచుకోవలెను. కాని ఒక మాట ఆలోచించదగినది. ఆ చట్టం కుండకు కొలత పెట్టి, అమ్మకాన్ని వారించినది. మనదగ్గర అమ్మకాన్ని వేలం వేసి, కుండను నేరం చేశారు. తాగుడు మంచిచెడ్డలు నిర్ణయించేటప్పుడు గుత్తేదారును అడిగారు, ఖజానాను అడిగారు. ఇల్లాలిని అడగడానికి మాత్రం ఆమె నాగపూరుదాకా నడవవలసివచ్చినది.

రానున్న సంవత్సరంలో మన సంఘంలోని ప్రతి ఇంటా ఆ మాట ముందుగా ఆమెనే అడుగుదురు గాక!