మద్రాసు మెయిల్లో వచ్చిన చందమామ

జరగండర్రా, కుంపటి దగ్గరికి జరగండి. పుష్యమాసం చలి ఖరగ్‌పూర్లో ఎముకలు కొరికేస్తాది. ఇయ్యాల రాజుల కథ అడక్కండి. ఆ రాజుల కథలన్నీ నెలనెలా అచ్చేసి మా కాలనీ దాకా పంపిన చందమామ పత్రిక కంపెనీ కథ చెప్తాను.

ముందు మనం ఇక్కడికెలాగొచ్చేమో వినండి. 1900 ప్రాంతంలో బి.ఎన్.ఆర్. రైలు కంపెనీ హౌరా నుంచి ఖరగ్‌పూర్ మీదుగా కటకం దాకా పట్టాలేసింది. అవతల మన తూర్పు తీరం లైను ఉండనే ఉంది. ఇంకేటి, పొట్ట చేతబట్టుకుని సీకాకుళం, ఇజీనారం వైపోళ్ళు రైలెక్కీసేరు. రైల్వే వర్క్‌షాపులో పన్లు దొరికేయి. మథురాకాటి, నింపురా క్వార్టర్లలో ఒక తలుపు తెలుగోళ్ళది, పక్క తలుపు బెంగాలీది, దాని పక్కది ఒరియావోళ్ళది. బజార్లో బెంగాలీ, పన్లో హిందీ, ఇంట్లో తెలుగు. నోటికి మూడు భాషలొచ్చినా, చదువుకోడానికి తెలుగు అక్షరం కావాలంటే మద్రాసు నుంచి రావాల్సిందే.

ఆ రోజుల్లో తెలుగులో పత్రిక పెట్టడమంటే ఆస్తి కరగబెట్టుకోడమే. నిలబడినోళ్ళని చూడండి, వెనకాల ఇంకో ఆదాయం ఉంటాది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో అమృతాంజనం పెట్టేరు. తలనొప్పి మందు మీదొచ్చిన డబ్బుతో 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక మొదలెట్టేరు. మందు అమ్మబట్టి గదా, ఎవడి ముందూ చెయ్యి చాపకుండా తెల్లోడి రాజ్యంలో పత్రిక నడిపేరు!

చందమామకి వెనకాలున్నది అచ్చాఫీసు. కడప జిల్లా నుంచొచ్చిన బి.నాగిరెడ్డిగారు మద్రాసులో బి.ఎన్.కె. ప్రెస్సు నడిపీవారు. ఆయనకి జోడీ చక్రపాణి, తెనాలి మనిషి. అసలు పేరు ఆలూరి వెంకటసుబ్బారావు. ఈయనకి క్షయ పట్టుకుంటే మదనపల్లె శానిటోరియంలో చేర్చేరు. అక్కడ మంచం మీద ఖాళీగా కూకోకుండా బెంగాలీ నేర్చీసుకున్నాడు! బయటికొచ్చి శరత్‌బాబు నవలలు తెలుగు చేసేడు. మనం రైలెక్కి బెంగాలుకొస్తే, బెంగాల్నే తెలుగోళ్ళ ఇళ్ళకి తీసుకెళ్ళిన మనిషాయన.

వీళ్ళిద్దరూ కలిసి 1947 జులైలో చందమామ తెచ్చేరు. స్వరాజ్యం రాడానికి ఇంకో నెలుంది. తెలుగుతో పాటే తమిళంలో అంబులిమామ. తరవాత సినిమాలు కూడా తీసేరు. మీరు టీవీలో చూసీ పాతాళభైరవి, మాయాబజార్ వీళ్ళవే.

నేను వర్క్‌షాపు మనిషిని, నాకర్థమైంది చెప్తాను. మా షాపులో ఇనుము కరిగించీవోడూ, లేతు మీద కోసీవోడూ, రంగేసీవోడూ ఒకే గేట్లోంచి వెళ్ళీవారు. చందమామా అలాంటి కార్ఖానాయే. రాసీవోళ్ళు, బొమ్మలేసీవోళ్ళు, అచ్చేసీవోళ్ళు అందరూ సొంతం. 1952లో కొడవటిగంటి కుటుంబరావుగారు చేరేరు. 1980లో పోయిందాకా సంపాదకుడి కుర్చీలోనే. అంత పెద్ద రచయిత గదా, సంపాదకుడని ఆయన పేరు అచ్చులో కనిపించీది కాదు! వచ్చిన కథల్ని ఆయన తిరగరాస్తే, అన్నీ ఒకే మనిషి చెప్పినట్టు తేటగా ఉండీవి. దాసరి సుబ్రహ్మణ్యంగారు తోకచుక్క, రాకాసిలోయ లాంటి సీరియళ్ళు రాసేరు. బొమ్మలకి చిత్రా, శంకర్. శవాన్ని భుజానేసుకుని కత్తి పట్టుకెళ్ళీ విక్రమార్కుణ్ణి గీసింది శంకరే. ముఖచిత్రాలేసిన వడ్డాది పాపయ్య, వపా, సీకాకుళంలో పుట్టినోడు. ఆ బొమ్మ చూపించి మా అయ్య పక్కింటోళ్ళ దగ్గర మీసం తిప్పీవాడు.

ఆ శవంలో ఉండీ బేతాళుడి సంగతొకటుంది. సంస్కృతంలో ఉన్నవి పాతిక కథలే. పాతికతో ఆపితే రెండేళ్ళకి అయిపోను. వీళ్ళేం చేసేరు? రాజునీ, శవాన్నీ, చివరి ప్రశ్ననీ అలాగే ఉంచి, మధ్యలో కొత్త కథలు ఎక్కించుకుంటూ పోయేరు. దశాబ్దాలు నడిచింది.

పెరిగిందెలాగంటే, కథ ముందు తెలుగులో తయారయ్యీది. బొమ్మలు ఒకసారి గీసినవే, ఏ భాషకైనా అవే. మారీవి అక్షరాలు. కన్నడం, హిందీ 1949లో వచ్చేయి. మరాఠీలో చాందోబా, ఒరియాలో 1956లో జన్హమాము. ఇక్కడ మా గుంటల పని చూడాల! నేను తెలుగుది, ఒరియా కుర్రాడు జన్హమాము, బిహారీవాడు హిందీది తెచ్చుకుని మెట్ల మీద వరసగా పెట్టీవోళ్ళం. ఒకే పేజీ, ఒకే రాక్షసుడు. ఒకడి భాష ఇంకొకడికి చదవడం రాదు, కథ మాత్రం అందరికీ తెలుసు. బెంగాలీ కుర్రాళ్ళు మాత్రం ఉత్త బొమ్మలు చూసీవారు. వాళ్ళ భాషలో 1972 దాకా రాలేదు మరి! శరత్‌ని తెలుగు చేసినాయన పత్రిక బెంగాల్‌కి రాడానికి పాతికేళ్ళు పట్టింది. 1975లో ఆయన పోయేరు. ఆ పత్రిక ఈ మేదినీపూర్ అడవుల్లోని సంతాలుల భాషలోకీ వచ్చింది, 2004లో.

తరవాత కష్టాలొచ్చేయి. చిత్రా, కుటుంబరావు ఒకరి తరవాత ఒకరు పోయేరు. ఇళ్ళల్లోకి టీవీ వచ్చింది. 1998లో పత్రిక ఆగిపోయింది. కొత్త పెట్టుబడి తెచ్చి మరుసటేడు మళ్ళీ లేపేరు. 2007లో బొంబాయి కంపెనీ జియోడెసిక్ కొన్నది. 2013 కల్లా పూర్తిగా మూతపడిపోయింది.

అరవై ఏళ్ళు దాటి నడిచిన పత్రిక ఎందుకు పోయిందంటే ఎవరికి తోచింది వాళ్ళు చెప్తారు. నాకు తోచింది ఇది. కొన్నోళ్ళకి పేరొచ్చింది, పాత బొమ్మలొచ్చేయి, పాత సంచికలొచ్చేయి. నెలనెలా కూకుని కథ దిద్దీ ఆ మనుషుల్ని కొనడానికి వాళ్ళు అప్పటికి లేరు. వాళ్ళ పక్కన కూకుని పని నేర్చుకునీ కొత్తవాళ్ళు సరిపడా తయారవలేదు. మీలో ఎవడైనా రేపు పత్రిక పెడతానంటే నా మాట వినండి. ముందు రాసీవోణ్ణీ, గీసీవోణ్ణీ నెలజీతం మీద పెట్టుకోండి. ఒక్కొక్కడి పక్కన ఒక కుర్రాణ్ణి కూకోబెట్టండి. పేరు ఏం పెట్టాలో తరవాత చూసుకోవచ్చు.