బందరు సమాధులు, కేప్ పాయింట్ చిరాగ్



కేప్‌టౌన్ వెళ్లినవాళ్లు బో-కాప్‌లో రంగురంగుల ఇళ్ల ముందు ఫోటోలు దిగి తిరిగొచ్చేస్తారు. నేను ఇంకా దక్షిణానికి, టేబుల్ మౌంటెన్ నేషనల్ పార్కు కొసన ఉన్న కేప్ పాయింట్ దాకా వెళ్లాను. చెట్టూ చేమా పెరగనివ్వని గాలి. కారు తలుపు తెరిస్తే తిండి ఎత్తుకుపోయే బబూన్లు. నిట్టనిలువు బండల కింద సమందర్.

అక్కడ లైట్‌హౌస్‌లు రెండున్నాయి. పాతది 1860లో వెలిగింది, సముద్ర మట్టానికి 238 మీటర్ల ఎత్తున. ఎంత పైనుంటే అంత దూరం కనపడుతుందని అంగ్రేజుల లెక్క. కానీ ఆ ఎత్తున తరచూ పొగమంచు కమ్మేది. చిరాగ్ వెలుగుతూనే ఉండేది, కింద జహాజ్‌కు కనపడేది కాదు. మంచు లేని రాత్రి ఇంకో ముసీబత్: మరీ దూరం నుంచే కనపడి, తూర్పుకు తిరిగే ఓడలు ఒడ్డుకు దగ్గరగా వచ్చేసేవి. 1911 ఏప్రిల్ 18న లుసిటానియా అనే పోర్చుగీసు ఓడ బెలోస్ రాక్‌ను గుద్దుకుంది. (1915లో జర్మన్లు ముంచిన లుసిటానియా వేరు.) ఆ తర్వాతే బుద్ధొచ్చి, 87 మీటర్ల ఎత్తులో కొత్తది కట్టారు. 1919 నుంచి అదే వెలుగుతోంది.

గైడ్లు చెప్పే కహానీ ఇంతే. నా మనసు మాత్రం ఆ చిరాగ్ లేని రెండొందల ఏళ్ల మీద పడింది.

1652లో డచ్ కంపెనీ కేప్‌లో మకాం వేసింది. హిందుస్తాన్ నుంచి, జావా వైపు నుంచి గులాములను తెచ్చిన జహాజ్‌లు ఈ మూల తిరిగే వెళ్లాయి. దిగినవాళ్లకు మాలిక్‌లు తమకు తోచిన పేరు పెట్టి, చివర్న ‘వాన్ బెంగాలెన్’, ‘వాన్ కోరమాండెల్’ అని తగిలించారు. వాన్ అంటే ‘నుంచి’. కోరమాండెల్ అంటే మన తూర్పు తీరమే. ఆ ఒక్క మాటలో ఊరు లేదు, ఖాందాన్ లేదు, మజ్హబ్ లేదు, అమ్మ పిలిచిన పేరు లేదు.

మన బందరులో డచ్ వాళ్ల ఖబరస్తాన్ చూశారా? కుతుబ్‌షాహీల కాలంలో హాజీల ఓడలు బయల్దేరిన మసూలీపట్నం అదే. కోఠీ పెట్టుకుని తిజారత్ చేసిన డచ్ వాళ్ల పేర్లు, తారీఖులు, వంశచిహ్నాలు అక్కడి రాళ్ల మీద చెక్కి ఉన్నాయి. ప్రభుత్వం కాపాడుతోంది కూడా. కాపాడాల్సిందే. మన ఒడ్డున చనిపోయిన వాళ్ల పేర్లు రాతి మీద ఉన్నాయి, మన ఒడ్డు నుంచి పట్టుకుపోయిన వాళ్ల పేర్లు మాత్రం అమ్మకం కాగితాల్లో సగం మాసి ఉన్నాయి.

పాత మినార్ దగ్గర నిలబడితే ఎడమ చేతి వైపు ఫాల్స్ బే. దాని ఉత్తరపు ఒడ్డున షేక్ యూసుఫ్ మజార్ ఉంది. ఇప్పటి ఇండోనేషియాలోని మకాసర్ ఆయనది. డచ్ వాళ్లతో పోరాడి పట్టుబడి, సిలోన్‌లో ఖైదయి, 1694లో ఇక్కడికి దేశబహిష్కారమై వచ్చారు. అప్పటికి 68 ఏళ్లు. ఎవరితోనూ కలవకుండా ఊరికి దూరంగా ఉంచితే, పారిపోయిన గులాములు ఆయన్నే వెతుక్కుంటూ వెళ్లారట. ఆ చోటు పేరు నేటికీ మకాసర్. ఆ దేశంలో ఇస్లాంను బహిరంగంగా ఆచరించే ఇజాజత్ 1804లో గానీ రాలేదు. అప్పటిదాకా దీన్ ఇళ్లలో, గుసగుసల్లో బతికింది.

అసర్ వేళైంది. అక్కడి నుంచి కిబ్లా కూడా దాదాపు ఆ ఒడ్డు వైపే. జానమాజ్ ఎగిరిపోకుండా నాలుగు మూలలా రాళ్లు పెట్టుకున్నాను. సలాం తిప్పాక, పేరు తెలియని మన ఒడ్డువాళ్ల కోసం దువా చేద్దామని చేతులెత్తాను. ఫలానా వారికి అని చెప్పడానికి ఒక్క పేరూ లేక, ‘కోరమాండెల్ వాళ్లకు’ అనే అన్నాను.