వకీలు ఇల్లు చూపువారెవరు?

నిజాము రాష్ట్రమున ప్రభుత్వ బస్సులు 1932 జూన్ మాసమున నడువసాగినవి. అప్పటికి వాటి సంఖ్య 27. టాంగాలు, కాలినడక వారు ఒకే త్రోవను పంచుకొను పాతనగరపు వీథులకు మోటారు కొత్త చుట్టము. ఆ చుట్టముతోపాటు ఒక చిక్కు కూడ వచ్చినది. చక్రము క్రింద పడినవాని సంసారమునకు దిక్కెవరు? వైద్యుని ఇల్లు ఇరుగుపొరుగువారు చూపుదురు. వకీలు ఇల్లు చూపువారెవరు?

హైదరాబాదులో ఈ ప్రశ్నకు భాష తోడయినది. 1884 ప్రాంతమున పారసీ తొలగి ఉర్దూ కచేరీల భాష అయినది. పల్లె విడిచి కూలికి వచ్చిన తెలుగువానికి వకీలనగా చట్టము తెలిసినవాడు మాత్రమే కాదు, తన గోడును ఆ భాషలో పెట్టగల ద్విభాషి. మాడపాటి హనుమంతరావుగారు, బూర్గుల రామకృష్ణారావుగారు రెండు భాషలను ఏలిన వకీళ్లు. అట్టివారు అరుదు. 1921లో వివేకవర్ధిని సభలో ఆలంపల్లి వెంకటరామారావను వకీలు తెలుగున మాటాడబోగా సభవారు గేలి చేసిరనుట మన శ్రోతలు ఎరిగినదే.

మూసీ ఒడ్డున 1920లో ప్రారంభమయిన హైకోర్టు గుమ్మటములను చూచి, నష్టపరిహారపు దావా అచ్చటనే వేయవలెనని పలువురు భ్రమపడుదురు. దాని తొలిమెట్టు పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు. పూర్వము అడిగిన సొమ్మును బట్టి కోర్టు రుసుము చెల్లించి, మామూలు దావాగా నడుపవలసియుండెను. ఇంటి పెద్దను పోగొట్టుకొన్నవారు రుసుము ఎచ్చటినుండి తెత్తురు? 1956 నాటి మోటారు వాహనముల చట్టపు సవరణ ప్రత్యేక ట్రిబ్యునళ్లకు దారి తీసినది.

అయితే ఆ సవరణ ఇచ్చిన గడువు ప్రమాదమునాటినుండి 60 దినములు. తగిన కారణము చూపినచో ఆలస్యమును మన్నించు అధికారము ట్రిబ్యునలుకు ఉండెను గాని, ఆ సంగతి చెప్పుటకైనను వకీలు కావలెను గదా! పాతనగరపు ముస్లిం కుటుంబములలో భర్త పోయిన స్త్రీ నాలుగు మాసముల పది దినములు ఇద్దత్ పాటించి ఇల్లు కదలదు. చట్టపు గడువు ఆమె శోకకాలములో సగమైనను లేదు. అన్నయో మేనమామయో పరుగిడవలసినదే. ఈ లెక్క శాసనకర్తలకు తట్టకపోవుట మాకు వింతగా తోచును. 1969 సవరణతో గడువు ఆరు మాసములయినది. 1994లో పూర్తిగా తొలగినది. 2019 సవరణ వలన 2022 ఏప్రిల్ 1 నుండి ఆరు మాసముల గడువు మరల వచ్చినది.

1994 సవరణ మరొక మేలు చేసినది. అంతకుముందు ప్రమాదము జరిగిన చోటి ట్రిబ్యునలుకే పోవలసియుండెను. కర్నూలు దారిలో గాయపడిన శాలిబండ వాసి కర్నూలులో వకీలును వెదకుకొనవలె. ఇప్పుడు తాను నివసించు చోటనే అర్జీ పెట్టుకొనవచ్చును. పేటలోని వకీలే చాలును.

వకీళ్లు ప్రకటనలు చేసికొనరాదని బార్ కౌన్సిల్ నియమము. మర్యాదకు అది మంచిదే కాని, ఆ ఖాళీలో ఆస్పత్రి వాకిట దళారి నిలుచును. వచ్చిన పరిహారములో వాటా అడుగుట వకీలు వృత్తికి దోషమని సుప్రీంకోర్టు 1954లోనే తేల్చినది. వాటా మాట ఎత్తినవానిని వాకిటనుండియే పంపివేయవలెను. 1995 నవంబరు 9న అమలులోనికి వచ్చిన న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకు, పిల్లలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగా వకీలును ఇత్తురు.