ఇంటికి చేరిన మందు: జింజా నేర్పిన పాఠము

మందును కనుగొనుట ఒక ఎత్తు. దానిని నెలనెలా రోగి చేతికి అందించుట మరొక ఎత్తు. హెచ్.ఐ.వి. చరిత్రలో ఈ సంగతి స్పష్టముగా కనబడును. కొన్ని మందులను కలిపి వాడినచో ఈ వైరస్ అణగియుండునని 1996 నాటికి తేలినది. కాని అది శరీరమును పూర్తిగా విడిచిపోదు. కావున మందులను జీవితాంతము విడువక వాడవలెను. కొన్నాళ్లు వాడి, కొన్నాళ్లు మానినచో వైరస్ మందులకు లొంగని రూపమును పొందవచ్చును.

ఆఫ్రికాలోని ఉగాండా దేశపు పల్లెలలో ఇది సులభము కాదు. వైద్యులు తక్కువ, ఆసుపత్రి దూరము, ప్రయాణపు ఖర్చు బీదవానికి భారము. మరి వైద్యుడు కాని కార్యకర్త మందును ఇంటికి తెచ్చి యిచ్చినచో చికిత్స చెడునా?

దీనిని ఊహతో గాక ప్రయోగముతో తేల్చదలచిరి. 1987లో నోరీన్ కలీబా మొదలగువారు స్థాపించిన టాసో అను సంస్థకు జింజా పట్టణమున చికిత్సాలయము కలదు. 2005లో ఆ పరిసరములను 44 భాగములు చేసి, చీట్లు వేసినట్లుగా, సగము భాగములకు ఇంటివైద్యమును, సగమునకు ఆసుపత్రి వైద్యమును కేటాయించిరి. చేరిన రోగులు 1,453 మంది. మొదటి పద్ధతిలో శిక్షణ పొందిన కార్యకర్తలు నెలకొకసారి మోటారు సైకిళ్లపై ఇళ్లకు పోయి మందులిచ్చి, రోగి స్థితిని విచారించి, అవసరమైనచో వైద్యుని వద్దకు పంపిరి. రెండవ పద్ధతిలో రోగులే నెలనెలా ఆసుపత్రికి వచ్చిరి.

చీట్లు వేయనేల? ఎవరికి నచ్చిన పద్ధతిని వారిని కోరుకొనుమన్నచో, ఆరోగ్యము కుదుటబడినవారే ఒకవైపు చేరవచ్చును. అప్పుడు ఫలితము పద్ధతి వలన కలిగినదో, మనుష్యుల వలన కలిగినదో తెలియదు.

2009లో ఫలితములు వెలువడినవి. పరీక్షింపబడినవారిలో వైరస్ అణగనివారు ఇంటివైద్యమున నూటికి 16 మంది, ఆసుపత్రి వైద్యమున 17 మంది. మరణములలోను చెప్పదగిన భేదము లేదు. చికిత్స పొందుటకై రోగి భరించిన ఖర్చు మాత్రము మొదటి సంవత్సరమున ఇంటివైద్యములో సగముకంటె తక్కువ.

అనగా ఇంటివైద్యము మిన్న యని కాదు. దానికి తీసిపోదని తేలినది. పైగా దాని వెనుక చికిత్సాలయము, వైద్యులు ఉండనే ఉండిరి. శిక్షణ పొందిన కార్యకర్తలు, నిలకడగా ఉన్న రోగులకు మందులు పంచవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించినది.

రెండు కుండీలలో మొక్కలు పెంచి ఎరువును పరీక్షించు విద్యార్థి కూడ ఇదే జాగ్రత్త వహించును: మొదటనే బలమైన మొక్కలను ఏరి ఒక కుండీలో నాటడు. జింజాలో ఆ జాగ్రత్త వలననే, మందు కొరకు దూరము నడువలేని రోగి మేలు నమ్మదగిన లెక్కకు అందినది.