దేవమాన్యము – సాక్షి సంతకము

మన రామగిరికి దక్షిణముననున్న లేపాక్షి వీరభద్రాలయపు గోడలపై, అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) స్వామికి సమర్పించిన భూముల వివరములు శాసనములుగా నిలిచియున్నవి. దానమిచ్చుటకంటె దానిని కాపాడుటయే మిన్న యనియు, దత్తభూమిని అపహరించినవాడు అరువదివేల యేండ్లు అశుద్ధమున పురుగై పుట్టుననియు దానశాసనముల చివర వ్రాయుట పూర్వాచారము. అంత కఠినముగా వ్రాసిరనగా, ఆనాడును ఆశపడినవారు లేకపోలేదని మా తలంపు.

నేడు శాపమునకు తోడు చట్టమున్నది. దేవాదాయభూమిని అనుమతిలేక విక్రయించుటను 1987 నాటి 30వ చట్టము నిషేధించినది. 2007 సవరణతో వచ్చిన 22-ఎ సెక్షను అట్టి దస్తావేజుల రిజిస్ట్రేషనునే అడ్డగించినది.

అయినను అడుగువారు అడుగుచునే యుందురు. వారు పరాయివారైన బాధ లేదు; మేనమామయో, వియ్యంకుడో అగుదురు. మూడడుగుల నేల విషయమున ఇచ్చిన మాట తప్పుమని బలిచక్రవర్తిని కోరినవాడు సాక్షాత్తు కులగురువే గదా! బలి వినలేదు.

మాన్యమును పట్టాభూమిగా చూపిన దస్తావేజుపై సాక్షి సంతకము చేయుమని మమ్మును ఒక దగ్గరి బంధువు కోరెను. “ఒక్క సంతకమే గదా నాయనా” అనెను. చేయజాలమంటిమి. ఆ పిదప వారింట రెండు పెండ్లిండ్లు జరిగినవి. మాకు శుభలేఖ రాలేదు.