పరిశోధనకు చోటు: బెంగుళూరు నేర్పు పాఠములు

బెంగుళూరున స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో బిడ్డ వైద్యవిద్యకు పోయిన సంతోషింతుము. శరీరధర్మశాస్త్రమున గాని, జీవరసాయనశాస్త్రమున గాని డాక్టరేటు చేసెదనన్నచో, పాపము, సీటు రాలేదు కాబోలు ననుకొందుము. ఈ తలంపు ఎంత పొరపాటో తెలియుటకు మన యూరి చరిత్రయే చాలును.

1909లో స్థాపింపబడి, మైసూరు ప్రభువు లిచ్చిన 371 ఎకరముల నేలపై వెలసిన భారతీయ విజ్ఞాన సంస్థను ఊరివారు నేటికిని టాటా ఇన్‌స్టిట్యూట్ అనియే పిలుతురు. అందు 1921లో జీవరసాయనశాఖ ఏర్పడెను. కాని అచ్చట చోటు దొరకుట వేరు, పట్టము దొరకుట వేరు. 1958లో విశ్వవిద్యాలయముతో సమానమైన ప్రతిపత్తి లభించు వరకును, పరిశోధకుడు ఇచ్చట శ్రమించి, సిద్ధాంతవ్యాసమును వేరొక విశ్వవిద్యాలయమునకు సమర్పించుకొనవలసి యుండెడిది.

చోటు దొరకుటయు సులభము కాదు. 1933లో బొంబాయినుండి వచ్చిన కమలా భాగవత్‌కు, స్త్రీ యన్న కారణముననే, నాటి డైరెక్టరు సి.వి. రామన్ ప్రవేశము నిరాకరించిరి. వెలుగు తత్త్వము నెరిగిన ఆ మహనీయుని చూపు ఈ విషయమున మందగించిన దనక తప్పదు. ఆమె పట్టు విడువలేదు. తుదకు ఒక సంవత్సరము పరీక్షార్థము చేర్చుకొనిరి. శ్రీనివాసయ్యగారి శిక్షణలో పాలు, పప్పుధాన్యముల యందలి మాంసకృత్తులపై పనిచేసి, 1936లో బొంబాయి విశ్వవిద్యాలయపు ఎం.ఎస్‌సి. పట్టమును, 1939లో కేంబ్రిడ్జి డాక్టరేటును ఆమె గడించెను. కమలా సొహోనీ యని పిమ్మట లోకమెరిగినది ఈమెనే.

మనవాడైన యల్లాప్రగడ సుబ్బారావుగారి కథ సముద్రము దాటినది. 1895లో భీమవరమున జన్మించిన ఆయనకు మద్రాసు వైద్యకళాశాలలో ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే దక్కెను. బోస్టను చేరి, ఆసుపత్రిలో రాత్రివేళ కూలిపని చేయుచు హార్వర్డులో చదివెను. సైరస్ ఫిస్క్ ప్రయోగశాలలో చోటు దొరకుటతో ఆయన దశ తిరిగినది. భాస్వరమును కొలుచు పద్ధతి 1925లోను, కండరములలోని ఫాస్ఫోక్రియేటిన్ 1927లోను వెలుగు చూచెను. పీహెచ్.డి. వచ్చినది 1930లో! తగిన గురువు ముందు దొరకెను. పట్టము తరువాత నడచివచ్చెను.

నేడు మన నగరమున చోట్లకు కొదువ లేదు. 1974లో నిమ్హాన్స్‌గా రూపొందిన సంస్థయందు నాడీ శరీరధర్మశాస్త్ర శాఖయే కలదు. జాతీయ జీవశాస్త్ర కేంద్రము కలదు. నెట్ పరీక్షలో జూనియర్ ఫెలోషిప్ గెలిచినవారికి 2023 నుండి నెలకు 37,000 రూపాయలు నిర్ణయింపబడినవి. ఇల్లు గడచుటకు ఇది చిన్న మొత్తము కాదు. అయినను పరీక్ష భృతి నిచ్చునే గాని ప్రయోగశాలను చూపదు. దానిని అభ్యర్థి తానే వెదకుకొనవలెను.

కొందరు యువకులు పేరు మాత్రము మార్చి ఒకే లేఖను నలుబదిమంది ఆచార్యులకు పంపుదురు. జవాబు రాకున్న వింతయేమి? ఆ ప్రయోగశాలనుండి ఇటీవల వెలువడిన వ్యాసములు రెండు చదివి, తనకు తోచిన ప్రశ్న నొకటి వ్రాసిన లేఖ వేరుగా కనబడును. చేరుటకు ముందు అచ్చటి విద్యార్థులను కలిసికొని, తమ ముందువారు ఎన్ని యేండ్లకు ముగించిరో, గురువు వారమునకు ఎన్నిమారులు మాటలాడునో అడుగుటయు మంచిది. పెండ్లి సంబంధమునకు నాలుగిండ్లు విచారించు మనము, ఐదారేండ్ల ఈ సంబంధమునకు ఒక సాయంకాలమైనను వెచ్చింపరాదా?